ప్రిన్స్‌టన్ విగ్రహం వెనక మనిషి: పాస్టర్ విదర్‌స్పూన్ కాలేజీ ప్రెసిడెంట్ అయ్యాక ఏం మారింది?

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఎత్తయిన దిమ్మె మీద ఒక కంచు విగ్రహం ఉంది. 2001లో పెట్టారు. అది జాన్ విదర్‌స్పూన్‌ది. స్కాట్లాండ్‌లో పుట్టి, 23 ఏళ్లు అక్కడే పాస్టర్‌గా ఉండి, 45వ ఏట సముద్రం దాటి వచ్చి ఆ కాలేజీకి ప్రెసిడెంట్ అయిన మనిషి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన 56 మందిలో పాస్టర్ పనిలో ఉన్నది ఆయనొక్కరే. ఆ విగ్రహాన్ని తీసేయాలంటూ 2022లో యూనివర్సిటీ తత్వశాస్త్ర విభాగానికి చెందిన కొందరు పిటిషన్ పెట్టారు. ఆయన ఇంట్లో బానిసలు ఉండేవారన్నది వాళ్ల అభ్యంతరం. చర్చ రెండేళ్లు నడిచింది. 2024లో విగ్రహం ఉన్నచోటే ఉంటుందని యూనివర్సిటీ తేల్చింది.

ఈ వార్తలు చదివినవాళ్లకు ఒక తికమక మిగిలింది. విదర్‌స్పూన్ నల్లజాతి వాళ్లకు చదువు చెప్పారని ఒకరు రాస్తారు, నల్లజాతి వాళ్లను బానిసలుగా ఉంచుకున్నారని ఇంకొకరు రాస్తారు. రెండూ నిజమే. అవి ఒకే జీవితంలో ఎలా ఇమిడాయో తెలియాలంటే ఆయన చేసిన రెండు ఉద్యోగాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

క్లుప్తంగా

స్కాట్లాండ్‌లో విదర్‌స్పూన్ ఒక పక్షం మనిషి. ఎదుటి పక్షాన్ని ఎగతాళి చేసి పేరు తెచ్చుకున్నారు. ప్రిన్స్‌టన్‌కు మాత్రం ఆయన ఏ పక్షానికీ చెందని మనిషిగా కావలసి వచ్చారు. విద్యార్థులు, చందాలు, ట్రస్టీలు అందరినీ కలుపుకుపోవలసిన ఆ కుర్చీ ఆయన పాఠాన్ని మార్చింది, చదువును పుల్పిట్ (చర్చిలో పాస్టర్ ప్రసంగించే వేదిక) గోడలు దాటించింది. బానిసత్వం విషయంలో తెగేసి చెప్పకుండా ఆపిందీ చాలావరకు ఆ కుర్చీయే.

బిషప్ లేని చర్చి

విదర్‌స్పూన్‌ది ప్రెస్బిటేరియన్ చర్చి. అందులో బిషప్ ఉండడు. ఊరి సంఘాన్ని పాస్టరూ, సంఘపెద్దలూ కలిసి నడుపుతారు. కొన్ని సంఘాలు కలిస్తే ప్రెస్బిటరీ, ఆపైన సినడ్, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. ప్రతి మెట్టులోనూ చర్చ, తీర్మానం, ఓటు, అప్పీలు ఉంటాయి. నచ్చని తీర్పు మీద పై సభకు వెళ్లొచ్చు. మన దగ్గర 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐలో కలిసిన ధారల్లో ప్రెస్బిటేరియన్లదీ ఒకటి. అయితే సీఎస్‌ఐ బిషప్పులను ఉంచుకుంది కాబట్టి తెలుగు పాఠకులకు ఈ పద్ధతి పూర్తిగా పరిచయం కాదు.

ఈ చర్చికి ఇంకో పట్టుదల ఉంది. పాస్టర్ చదువుకున్నవాడై తీరాలి. లాటిన్, గ్రీకు, హీబ్రూ రానివాడిని పుల్పిట్ ఎక్కించడానికి పెద్దలు ఒప్పుకునేవారు కాదు. అందుకే ఈ చర్చి ఎక్కడికి వెళ్తే అక్కడ పక్కనే ఒక కాలేజీ లేచింది, ఆ కాలేజీకి పెద్దగా ఒక పాస్టరే కూర్చున్నాడు. కాబట్టి పాస్టర్ ప్రెసిడెంట్ కావడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. చూడవలసింది ఎవరిని ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నది.

జమీందారు పాస్టరా, జనం పాస్టరా

విదర్‌స్పూన్ 1723లో ఎడిన్‌బరో దగ్గరి గిఫర్డ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి కూడా పాస్టరే. ఎడిన్‌బరో యూనివర్సిటీలో చదివి 16 ఏళ్లకే ఎంఏ పుచ్చుకున్నారు. 1745లో ఎయిర్‌షైర్‌లోని బీత్ అనే చిన్న ఊరి సంఘం ఆయనను పిలుచుకుంది.

ఆ మరుసటి జనవరిలో, బ్రిటన్ సింహాసనం కోసం లేచిన స్టూవర్ట్ రాకుమారుడి తిరుగుబాటు సేనకూ ప్రభుత్వ సేనకూ ఫాల్‌కిర్క్ దగ్గర యుద్ధం జరిగింది. ఈ యువ పాస్టర్ ఊరి కుర్రాళ్లను పోగుచేసుకుని ప్రభుత్వ పక్షాన గ్లాస్గో దాకా వెళ్లారు. మీ అవసరం లేదు, వెళ్లిపొమ్మన్నారు. కుర్రాళ్లు వెనక్కి మళ్లారు, పాస్టరుగారు మాత్రం చూద్దామని ముందుకెళ్లి తిరుగుబాటుదారులకు దొరికిపోయారు. డూన్ కోటలో ఖైదు చేశారు. తోటి ఖైదీలు కొందరు దుప్పట్లు ముడేసి తాడు పేని కిటికీలోంచి దిగి పారిపోయారు. ఆయన ఆ పని చేయలేదు. ఆ ఖైదు నరాల మీద కొట్టిన దెబ్బ చాలా ఏళ్లు వెంటాడిందంటారు.

అప్పటి స్కాట్లాండ్ చర్చిలో అసలు తగువు వేరే. 1712లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఊరి పాస్టర్‌ను నియమించే హక్కు అక్కడి పెద్ద భూస్వామిది. సంఘానికి ఇష్టం లేకపోయినా ఆయన పంపినవాడే పాస్టర్. చట్టం చట్టమే, సర్దుకుపోవాలి అన్నవాళ్లు మోడరేట్లు. చదువు, సాహిత్యం, నాటకం, మర్యాదస్తుల పరిచయాలు వాళ్ల లోకం. మా పాస్టర్‌ను మేమే పిలుచుకుంటాం అన్నవాళ్లు జనపక్షం. విదర్‌స్పూన్ ఈ రెండో పక్షానికి గొంతు అయ్యారు.

1753లో పేరు వేయకుండా అచ్చేసిన వ్యంగ్య రచనతో ఆయన చర్చిని కుదిపేశారు. మంచి మోడరేట్ పాస్టర్ కావడం ఎలా అన్న సూత్రాల జాబితా అది. దొరబాబులా కనిపించాలి, ప్రసంగంలో బైబిల్ వచనాలు వీలైనంత తగ్గించి గ్రీకు, రోమన్ రచయితలను దించాలి, ఇదీ ధోరణి. మధ్యలో ఒక ఉత్తుత్తి విశ్వాస ప్రమాణం కూడా రాశారు. మోడరేట్లు గురువుగా భావించే తత్వవేత్త ఫ్రాన్సిస్ హచిసన్ రచనలు జనం మరచిపోతున్నా సరే కలకాలం నిలుస్తాయని నమ్ముతున్నానంటూ అందులో ఎత్తిపొడిచారు. ఈ హచిసన్ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

తర్వాత మగ్గాల పట్టణం పెయిస్లీకి మారారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల సంస్కారాన్ని వెక్కిరించారని కొందరు యువకులను పేరు పెట్టి తిడుతూ ప్రసంగించి, దాన్ని అచ్చు కూడా వేయించారు. వాళ్లు పరువునష్టం దావా వేశారు. ఆయన ఓడిపోయారు, డబ్బు కట్టవలసి వచ్చింది. నోటి దురుసు ఆయన బలమూ, బలహీనతా.

ఒక కాలేజీ, ఐదు సమాధులు

ఇప్పుడు అట్లాంటిక్ అవతలి సంగతి. నేటి ప్రిన్స్‌టన్ అప్పట్లో కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ. 1746లో మొదలైంది. పాఠాలు, బస, భోజనం, ప్రార్థన అన్నీ నాసా హాల్ అనే ఒకే రాతి భవనంలో. ఇరవై ఏళ్లలో ఐదుగురు ప్రెసిడెంట్లు వచ్చారు, ఐదుగురూ పదవిలోనే చనిపోయారు. మొదటి ప్రెసిడెంట్ కొన్ని నెలలకే పోయారు. పేరున్న వేదాంతి జొనాథన్ ఎడ్వర్డ్స్ 1758లో వచ్చిన కొన్ని వారాలకే, మశూచి టీకా వికటించి మరణించారు. 1766లో ఐదో ప్రెసిడెంట్ శామ్యూల్ ఫిన్లీ పోయారు.

చావులకు తోడు చీలిక ఒకటి. 1740ల ఉజ్జీవ కూడికలు, అంటే భక్తిని రగిల్చే సభలు, అమెరికా ప్రెస్బిటేరియన్లను రెండు ముక్కలు చేశాయి. ఏడుపులు, కేకలు, మారుమనసు సాక్ష్యాలు కావాలన్నవాళ్లు న్యూ సైడ్. ఇదేం పద్ధతి, సంఘ క్రమం, చదువు ముఖ్యం అన్నవాళ్లు ఓల్డ్ సైడ్. 1758లో కాగితం మీద కలిశారు కానీ మనసులు కలవలేదు. కాలేజీ న్యూ సైడ్ చేతిలో ఉంది, డబ్బున్నవాళ్లు ఓల్డ్ సైడ్‌లో ఉన్నారు. ఫిన్లీ చనిపోగానే, నిధులు మేమిస్తాం, నియామకాల్లో మాకు వాటా ఇవ్వండి అంటూ ఓల్డ్ సైడ్ పెద్దలు ప్రిన్స్‌టన్‌కు వచ్చారు. ట్రస్టీలు వాళ్ల మాట వినకముందే సమావేశం పెట్టేసి విదర్‌స్పూన్‌ను ఎన్నుకున్నారు. ప్రెసిడెంట్‌ను ఇప్పటికే ఎన్నుకున్నాం అని చెప్పేశారు.

ఎత్తు బాగా పారింది. విదర్‌స్పూన్ బోధన ప్రకారం చూస్తే న్యూ సైడ్‌కు నచ్చే సువార్త పక్షం మనిషి. చదువు, స్కాట్లాండ్ మూలాలు చూస్తే ఓల్డ్ సైడ్ కాదనలేని మనిషి. అన్నిటికంటే ముఖ్యం, అమెరికా తగువుల్లో ఆయన ఎవరి పక్షానా నిలబడింది లేదు. ఊరి తగువుకు పొరుగూరి పెద్దమనిషిని పిలవడం లాంటిదే ఇది.

ఎలిజబెత్ ఒప్పుకోలేదు

పిలుపు వెళ్లింది, జవాబు మాత్రం ‘రాను’ అని వచ్చింది. అడ్డం పడింది భార్య ఎలిజబెత్ మాంట్‌గోమరీ. పదిమంది పిల్లలను కని ఐదుగురిని మట్టిలో పెట్టిన తల్లి. సముద్రప్రయాణం అంటేనే ఆమెకు గుండె దడ. ఐదుగురు ప్రెసిడెంట్లను మింగిన కాలేజీ అన్న పేరు ఉండనే ఉంది. ట్రస్టీల తరఫున న్యాయవాది రిచర్డ్ స్టాక్టన్ పెయిస్లీ వెళ్లి భర్తను ఒప్పించారు కానీ ఆమెను కదిలించలేకపోయారు.

చివరికి ఆ పని చేసింది ఎడిన్‌బరోలో డాక్టరీ చదువుతున్న బెంజమిన్ రష్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. అతను న్యూజెర్సీ కాలేజీలోనే చదివినవాడు. వాళ్లింటికి వెళ్లి ఆమెతో ఓపిగ్గా మాట్లాడి భయం పోగొట్టాడు. దాదాపు పదేళ్ల తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద స్టాక్టన్, రష్, విదర్‌స్పూన్ ముగ్గురూ సంతకాలు చేశారు. ఈలోగా రష్ స్టాక్టన్‌కు అల్లుడు కూడా అయ్యాడు.

1768 ఆగస్టులో విదర్‌స్పూన్ కుటుంబం 300 పుస్తకాలతో దిగింది. ఆ రాత్రి విద్యార్థులు నాసా హాల్ కిటికీ కిటికీకీ కొవ్వొత్తి వెలిగించారు.

ఎగతాళి చేసిన గురువే పాఠమయ్యాడు

ప్రెసిడెంట్ అంటే ఆ రోజుల్లో ఆఫీసు గదిలో కూర్చునే పదవి కాదు. పెద్ద తరగతులకు ప్రధాన అధ్యాపకుడు ఆయనే. విదర్‌స్పూన్ నీతిశాస్త్రం, వేదాంతం, చరిత్ర, వక్తృత్వం చెప్పేవారు. స్కాట్లాండ్ పద్ధతిలో ఉపన్యాసం ఇస్తే విద్యార్థులు నోట్సు రాసుకునేవారు. గ్రహాల కదలికలను చూపించే యంత్రాన్ని ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ రిటెన్‌హౌస్ దగ్గర కొని తెప్పించారు.

ఆయన నీతిశాస్త్ర ఉపన్యాసాలు తిరగేస్తే ఒక పేరు అడుగడుగునా తగులుతుంది. హచిసన్. మనిషిలో సహజంగా మంచిచెడ్డలు పసిగట్టే శక్తి ఉంది, దుష్ట ప్రభుత్వాన్ని ఎదిరించే హక్కు ప్రజలకు ఉంది, ఇవన్నీ హచిసన్ నుంచి దండిగా తీసుకున్నవే. పదిహేనేళ్ల కింద ఎవరి రచనలు మరుగున పడుతున్నాయని నవ్వారో, వాటిని ఆయనే అమెరికాలో బతికించారు.

దీన్ని మాట మార్చడం అనుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. బీత్‌లో ఆయన ముందు కూర్చున్నది ఒకే విశ్వాసం ఉన్న ఒక సంఘం. నాసా హాల్‌లో కూర్చున్నది రకరకాల చర్చిల నుంచి, కాలనీల నుంచి వచ్చిన కుర్రాళ్లు. పాస్టర్ అయ్యేవాడూ, లాయర్ అయ్యేవాడూ, తోట యజమాని కొడుకూ ఒకే బెంచీ మీద ఉన్నప్పుడు అందరికీ ఒప్పుదలయ్యే నీతి భాష కావాలి. బైబిల్ వచనంతో పాటు ఇంగితజ్ఞానం మీద నిలిచే వాదం కావాలి. అది మోడరేట్ల దగ్గర తయారుగా ఉంది. మోడరేట్లకు ఎడిన్‌బరో క్లాసుల్లో ఎదురైన అవసరమే ఈయనకూ ఎదురైందనుకోవచ్చు.

ఫలితం పట్టభద్రుల్లో కనిపిస్తుంది. అంతకుముందు ఆ కాలేజీలో చదివినవాళ్లలో దాదాపు సగం పాస్టర్లయ్యేవారు. ఆయన హయాంలో అది నాలుగో వంతుకు తగ్గింది. మిగతావాళ్లు కోర్టులకు, చట్టసభలకు వెళ్లారు. 28 మంది సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు 49 మంది, సుప్రీంకోర్టు జడ్జీలు ముగ్గురు ఆయన శిష్యులని ఒక లెక్క. శిష్యుల్లో అందరికీ తెలిసినవాడు, అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడై తర్వాత దేశాధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్. 1771లో పట్టా పుచ్చుకున్నాక కూడా కొన్ని నెలలు ఆగి ఆయన దగ్గర హీబ్రూ చదివాడు.

మంచి ప్రభుత్వంలో ఒక అధికారం ఇంకొకదాన్ని అదుపు చేసేలా ఏర్పాటు ఉండాలని విదర్‌స్పూన్ క్లాసులో చెప్పేవారు. మాడిసన్ రాజ్యాంగ వాదనల సారం ఇంచుమించు అదే. మనిషి స్వభావం మీద, ప్రెస్బిటేరియన్లకు మూలమైన కాల్విన్ వేదాంతానికి ఉన్న అపనమ్మకమే అమెరికా రాజ్యాంగంలోకి దిగిందని కొందరు దీన్నుంచి తేలుస్తారు. అంత తిన్నగా గీత గీయడం తొందరపాటే. మాడిసన్ చదివినవి ఇంకా చాలా ఉన్నాయి.

చందాల వేట

కాలేజీ ఖజానా ఎప్పుడూ ఖాళీయే. అందుకే కొత్త ప్రెసిడెంట్ గుర్రమెక్కి ఉత్తరాన బోస్టన్, దక్షిణాన వర్జీనియా తిరిగారు. ఎక్కడికెళ్లినా ఉదయం ప్రసంగం, సాయంత్రం చందా. 1772లో జమైకా, ఇతర వెస్టిండీస్ దీవుల వాళ్లకు ఒక విజ్ఞప్తి అచ్చువేశారు. మీ పిల్లల్ని ఇంగ్లండ్‌కు కాదు, మా దగ్గరికి పంపండి, విరాళాలివ్వండి అన్నది సారాంశం. ఆ దీవుల్లో అంత డబ్బున్నవాళ్లంటే చెరకు తోటల యజమానులు. చెరకు తోట అంటే బానిసల శ్రమ. వర్జీనియా డబ్బుకూ అదే పునాది. కాలేజీ బతకడానికి ఎవరి జేబు అవసరమైందో గుర్తుంటే, బానిసత్వం మీద ప్రెసిడెంటు గొంతు ఎందుకు మెత్తబడిందో ఊహించడం కష్టం కాదు.

సభ నుంచి సభకు

1776 మే 17న, అమెరికా కాలనీల ఉమ్మడి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ ప్రకటించిన ఉపవాస ప్రార్థన దినం. ప్రిన్స్‌టన్‌లో విదర్‌స్పూన్ ప్రసంగించారు. పుల్పిట్ మీదికి రాజకీయం తేవడం తనకిదే మొదటిసారి అని అక్కడే చెప్పుకున్నారు. పౌర స్వేచ్ఛ పోయినచోట మత స్వేచ్ఛ నిలిచిన దాఖలా చరిత్రలో లేదన్నది ఆయన వాదం. మరుసటి నెలలో న్యూజెర్సీ ఆయనను కాంటినెంటల్ కాంగ్రెస్‌కు పంపింది, రోజుల్లోనే స్వాతంత్ర్య ప్రకటనకు ఓటేశారు.

కాంగ్రెస్‌లో ఆయన 1782 దాకా, మధ్యలో కొంత విరామంతో, నూరుకు పైగా కమిటీల్లో పనిచేశారు. తీర్మానం రాయడం, సవరణ పెట్టడం, ఓడినా సభ మర్యాద తప్పకపోవడం ఆయనకు ప్రెస్బిటరీలోనే అలవాటైన పనులు.

మూల్యం కూడా దండిగా చెల్లించారు. బ్రిటిష్ సైన్యం నాసా హాల్‌ను బారక్‌గా వాడుకుంది. 1777 జనవరి 3న ప్రిన్స్‌టన్ యుద్ధం ఆ గోడల దాకా వచ్చింది. లైబ్రరీ చెల్లాచెదురైంది. అదే ఏడాది అక్టోబరులో కొడుకు జేమ్స్ జర్మన్‌టౌన్ యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం ముగిశాక చందాలకని బ్రిటన్ వెళ్తే ఓడిపోయిన దేశం పైసా విదల్చలేదు, పైగా ఓడలో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. 1792 నాటికి రెండోదీ పోయింది. చూపు లేకపోయినా, చేయి పట్టి నడిపిస్తే పుల్పిట్ ఎక్కి ప్రసంగించేవారు. 1794 నవంబరు 15న కన్నుమూశారు.

పాస్టరే ప్రెసిడెంట్ అన్న ఆనవాయితీ ప్రిన్స్‌టన్‌లో ఇంకో నూరేళ్లు నడిచి, 1902లో పాస్టర్ కాని ఉడ్రో విల్సన్‌తో ఆగింది. ఆయన కూడా పాస్టర్ కొడుకే. అదే స్కాట్లాండ్ సంప్రదాయం మద్రాసుకూ వచ్చింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీని దశాబ్దాల పాటు నడిపిన విలియం మిల్లర్ స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మిషనరీ. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కాలేజీలోనే చదివారు.

విగ్రహం దగ్గరికి మళ్లీ

1756లో బీత్‌లో వర్జీనియా నుంచి తెచ్చిన బానిస యువకుడు ఒకడు ఉండేవాడు. వడ్రంగం నేర్చుకుంటున్నాడు. విదర్‌స్పూన్ అతనికి బాప్తిస్మం ఇచ్చి, జేమ్స్ మాంట్‌గోమరీ పేరుతో సత్ప్రవర్తన సర్టిఫికెట్ రాసిచ్చారు. యజమాని మళ్లీ వర్జీనియాకు పంపి అమ్మబోతే అతను ఎడిన్‌బరో పారిపోయాడు. దొరికాక కేసు కోర్టుకెక్కింది. తీర్పు రాకముందే జైల్లో చనిపోయాడు.

1774లో జాన్ క్వామిన్, బ్రిస్టల్ యమ్మా అనే ఇద్దరు స్వేచ్ఛ పొందిన నల్లజాతి వాళ్లకు ప్రిన్స్‌టన్‌లో విదర్‌స్పూన్ పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. కానీ నీతిశాస్త్ర ఉపన్యాసంలో ఆయన వాదం రెండు కాళ్ల మీద నడుస్తుంది. బలం ఉంది కదా అని మనుషులను బానిసలుగా చేయడం తప్పు, అయితే ఇప్పటికే ఉన్నవాళ్లను తాము నష్టపోయి మరీ విడిచిపెట్టాలని యజమానులను బలవంతపెట్టలేం. ఈ రెండో ముక్కలో తోట యజమాని కొడుకు నొచ్చుకోవలసిందేమీ లేదు.

1790లో న్యూజెర్సీ చట్టసభలో బానిసత్వ రద్దు మాట వచ్చింది. పరిశీలించిన కమిటీకి అధ్యక్షుడు విదర్‌స్పూన్. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తరంలో అదే అంతరిస్తుందన్నది ఆయన లెక్క. అంతరించలేదు. 1804లో ఆ రాష్ట్రం క్రమక్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చింది. ఉత్తరాది రాష్ట్రాల్లో అదే చివరిది.

రాజును ఎదిరించడానికి ఒక తరం ఆగమని 1776లో ఆయన అనలేదు. విగ్రహం వద్దన్నవాళ్ల వాదనలో బరువంతా ఇక్కడుంది. ఉంచాలన్నవాళ్లు క్వామిన్, యమ్మాల పాఠాలను, ఆ కాలపు సగటు ఆలోచనను గుర్తుచేస్తారు. పెయిస్లీలో ఇదే విగ్రహానికి జంట ఉంది, అక్కడ ఆయన ఊరి పాస్టర్‌గా కూడా జ్ఞాపకం.

ఆయన పోయాక ఇంటి సామాను, పొలం, పశువులకు ఖరీదు కట్టి జాబితా రాశారు. అందులో ఇద్దరు బానిసలు. ఒక్కొక్కరికి 100 డాలర్లు.